మిద్దె మీది అడుగులు

రెండువేల ఆరులో కళ్యాణదుర్గానికి కంప్యూటర్ యుగం వచ్చింది. అది దిగిన చోటు అంతకు ముందు ఎరువుల దుకాణం. వానలే రానప్పుడు యూరియా ఎవడు కొంటాడని సోమశేఖర్‌కు ఒక వేసవిలో జ్ఞానోదయమైంది. బస్తాలు ఖాళీ చేయించి, గోడలకు నీలం రంగు కొట్టించి, ఎనిమిది కంప్యూటర్లు పెట్టి, 'సోమా ఇన్ఫోటెక్' అని బోర్డు తగిలించాడు. వాన పడి గోడ చెమ్మగిల్లినప్పుడు గదిలో ఇంకా యూరియా వాసన వచ్చేది. మా జిల్లాలో అది ఏడాదికి నాలుగు రోజులే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఎనిమిది కంప్యూటర్లనూ నడిపేది హేమలత. ఇరవై నాలుగేళ్ళ మనిషి, బీకాం. ఎనిమిది మైళ్ళ దూరంలో ఉన్న తిమ్మలదొడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చి పిల్లలకు టైపింగు, ఆఫీసు పనులు, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి అనే మూడు పాఠాలు చెప్పేది. మూడో పాఠమే వాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది. ఆమెను సోమశేఖర్ అందరికీ 'మా స్టాఫ్' అని పరిచయం చేసేవాడు. ఆ స్టాఫ్‌లో రెండో మనిషి లేడు.

హేమలత నాయన సుంకన్న. ఐదెకరాల మెట్ట, ఏటా వేరుశనగ, ఏటా నష్టం. అదంతా పగటి వేషం. అసలు ఆయన చెక్కభజన గురువు. ఊళ్ళో మగవాళ్ళు కాళ్ళకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చెక్కలు పట్టుకుని, ఆంజనేయుడి గుడి ముందు బారులు తీరి, పాటకు అడుగు, అడుగుకు చెక్క కలుపుతూ ఆడతారు. ఏ అడుగు ఎప్పుడు ఎటు పడాలో చెప్పేవాడు గురువు. చుట్టుపక్కల పది ఊళ్ళలో సుంకన్న తొక్కించని కాలు లేదంటారు. మగ కాలు అని విడిగా చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో కాలంటే అదే.

తొమ్మిదేళ్ళప్పుడు హేమలత చిలక్కొయ్యకు వేలాడే గజ్జెలు తీసి కాళ్ళకు కట్టుకుని, నేర్పించు నాయనా అని అడిగింది. సుంకన్న కసిరిందీ లేదు, కొట్టిందీ లేదు. వంగి గజ్జెలు విప్పి, ఇంకా ఎత్తున ఉన్న కొయ్యకు తగిలించాడు. "ఆడోళ్ళు కడితే గజ్జెకు మైల పాపా," అన్నాడు. అవే గజ్జెలను ఏడాదికోసారి జాతరలో మేకపోతు మెడలో కట్టేవారు. దానివల్ల ఏ మైలా అంటినట్టు దాఖలాలు లేవు.

గుడి పక్కనే తిరుపాలమ్మ మిద్దె. ఊళ్ళో ఆడవాళ్ళు చెక్కభజన చూసేది అక్కడి నుంచే. ఆడేవాళ్ళు దేవుడికి ఎదురుగా నిలబడతారు. దేవుడి భుజం పక్కనుండే మిద్దె మీద ఆడవాళ్ళు వాళ్ళకు ఎదురుగా కూర్చుంటారు. విత్తనం వేసే ముందు ఎండాకాలపు సాయంత్రాలన్నీ ఆ మిద్దె మీద విత్తనం కాయలు ఒలిచే పని ఉండేది. వేళ్ళు కాయలు ఒలిచేవి, కళ్ళు కింద చూసేవి. పదేళ్ళు పోయేసరికి హేమలతకు నాయన పాటల్లో తెలియని అడుగు లేదు. తెలుసా అని అడిగినవాళ్ళూ లేరు.

ఇట్లా ఉండగా సోమశేఖర్ బెంగళూరు వెళ్ళి ఒక చాప తెచ్చాడు. ప్లాస్టిక్ చాప, మూడడుగుల చదరం, కంప్యూటర్‌కు తగిలించడానికి తోకలాంటి తీగ. దాని మీద నాలుగు బాణాలు: ముందుకు, వెనక్కి, ఎడమకు, కుడికి. పాట మొదలైతే తెర మీద బాణాలు కింది నుంచి పైకి వస్తాయి. పైనున్న గీతను ఏ బాణం తాకితే ఆ క్షణానికి చాప మీద అదే బాణాన్ని కాలితో తొక్కాలి. సరిగ్గా పడితే 'పర్ఫెక్ట్', లేకుంటే 'మిస్'. మిస్సులు ఎక్కువైతే పాట నడిమధ్యలో ఆగిపోయి 'ఫెయిల్' అని వస్తుంది. మా పదో తరగతి పరీక్షలకు అలవాటుపడ్డ పిల్లలకు ఇందులో కొత్తేమీ కనిపించలేదు. ఎగబడి ఆడారు.

ఆటతో పాటు వచ్చినవి జపాన్ పాటలు. అయితే ఓపికున్నవాళ్ళు సొంత పాటలు చేర్చుకుని, వాటికి తామే అడుగులు కట్టి, ప్యాక్‌గా ఎవరికైనా ఇవ్వవచ్చు. సోమశేఖర్‌కు ఓపిక లేదు గాని స్టాఫ్ ఉంది. పైగా అప్పుడే మండల స్థాయి యువజనోత్సవం గురించి కాగితం వచ్చింది. ఆ ఏడు అంశం 'సాంకేతికతతో జానపద కళల పరిరక్షణ'. మూడు సంవత్సరాలుగా వాన లేని మండలంలో పరిరక్షించడానికి కళలు తప్ప ఏమీ మిగల్లేదు కాబట్టి ఆ అంశం సమంజసమే.

మీ నాయన పాటలతో ఒక ప్యాక్ చేద్దామమ్మా అన్నాడు సోమశేఖర్. హేమలత సరేనంది. ఒక్కటే అడిగింది. ఈ ఆటలో పాట తెరవగానే తెర మీద మూడు వరుసలు పడతాయి: పాట పేరు, పాడినవారి పేరు, అడుగులు కట్టినవారి పేరు. ఆ మూడో వరుసలో తన పేరు ఉండాలంది. దానికేం భాగ్యం, రాసుకోమన్నాడు సోమశేఖర్. తన చేతిలోంచి ఏమీ పోని దానం విషయంలో ఆయన ఎప్పుడూ వెనకాడలేదు.

వారం తిరక్కముందే ఆ దానం వెనక్కి పోయింది. పాటలు రికార్డు చేయడానికి సుంకన్న మద్దెల కూడా వాయించే బయ్యన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. బయ్యన్న ఆయనకు మొదటి శిష్యుడు, ముప్ఫై ఏళ్ళుగా ముందు వరుసలో ఆడే మనిషి. ఇద్దరూ నీలం గోడలనూ కంప్యూటర్లనూ చూసి, చెప్పులు బయట విడిచి, ప్రతి కంప్యూటర్‌కూ దణ్ణం పెట్టినంత పని చేశారు. తర్వాత సుంకన్న కుర్చీలో కూర్చుని తన షరతు చెప్పాడు.

"అడుగులు మా గురువు రామదాసువి, ఆయన తరువాత నావి. మా పేర్లే పెట్టల్ల. ఒక్క అడుగు తప్పుబోయినా నేను ఒప్పుకోను, ముందే చెప్తాండా."

సోమశేఖర్ వెంటనే తల ఊపాడు. పెద్దాయన పేరుంటే ఆఫీసర్లకు బాగుంటుంది, పేపర్లో పడుతుంది. హేమలతను పక్కకు పిలిచి బుజ్జగించాడు. "నీ పేరు ఎవరికి తెలుసమ్మా?"

"ఎవరికీ తెలీదు గాబట్టే పెట్టమంటాండా సార్."

సోమశేఖర్ ఫోను తీశాడు. జవాబు లేనప్పుడు ఎవరితోనో ఫోనులో మాట్లాడటం ఆయనకు అలవాటు. హేమలత వెళ్ళి మూడో వరుసలో రామదాసు పేరు, నాయన పేరు కొట్టింది. తన పేరును తానే చెరిపి కొట్టింది.

రికార్డింగు రెండు రోజులు పట్టింది. మొదటి రోజంతా పక్క వీధి పిండిమర కూడా పాడింది. రెండో రోజు కరెంటు పోయి పిండిమర ఆగింది, దాంతో పాటు కంప్యూటర్లూ ఆగాయి. చివరికి నాలుగు పాటలు దొరికాయి. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. పాటకు నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పమని ఆట అడుగుతుంది. జపాన్ పాటలకు ఒక అంకె చెబితే చాలు. చెక్కభజన ఎద్దులబండిలా బయలుదేరి ఎక్స్‌ప్రెస్ బస్సులా ముగుస్తుంది. కాస్త ఒకే వేగంగా పాడతావా నాయనా అని హేమలత అడిగి చూసింది.

"ఒకే ఏగంగా పాడేదానికి నేనేమన్నా పిండిమరనా?" అన్నాడు సుంకన్న.

సరే, ఆయన వేగం పెంచిన ప్రతిచోటా ఆటకు కొత్త అంకె చెప్పుకుంటూ పోయింది. ఒక పాటకే ముప్ఫై ఎనిమిది అంకెలు పడ్డాయి. తర్వాత అడుగులు. చూడటానికి అవి ఒట్టి సున్నాలూ ఒకట్లూ. వరుసకు నాలుగు గళ్ళు, నాలుగు సాళ్ళ గొర్రుతో విత్తినట్టు. అడుగున్న గడిలో ఒకటి, లేనిచోట సున్నా. చెక్కభజనలో గుండ్రంగా తిరిగే అడుగులూ ఉంటాయి. అవి వేస్తే చాప తీగ కాలికి చుట్టుకుంటుంది కాబట్టి నిలబడ్డ చోట వేసేవే తీసుకుంది. రెండు నెలలు మధ్యాహ్నం భోజనం వేళ ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో సున్నాలు. నేనొచ్చి అడుగులు చూపిస్తానని సుంకన్న కబురు పంపాడు. అక్కర్లేదు, నాకు తెలుసు అని తిరుగు కబురు పంపింది. యాడ నేర్చిందంట అని ఆయన నవ్వాడని తెలిసింది. పేరు ఎవరిదైనా గానీ, అడుగు మాత్రం తప్పకూడదని ఆమె పంతం పట్టింది. పేరు దక్కనివాళ్ళకు మిగిలేది అదొక్కటే.

పని అయ్యాక, సంత రోజున అమ్మ తిమ్మమ్మ, తిరుపాలమ్మ కూరగాయల సంచులతో సెంటర్‌కు వచ్చారు. హేమలత చాప పరిచి వాళ్ళనే ఎక్కించింది. బాణాలు చూడమని చెప్పినా వాళ్ళు తెర వైపు చూడలేదు. సుంకన్న గొంతు వినిపించగానే తిమ్మమ్మ కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని మొదలుపెట్టింది. తెర మీద పర్ఫెక్ట్, పర్ఫెక్ట్, మళ్ళీ పర్ఫెక్ట్. తిరుపాలమ్మకు ఏడో ఎనిమిదో మిస్సులు వచ్చాయి, అదీ నవ్వు ఆగక. నాలుగు పాటలూ పాసయ్యారు. హేమలతకు ధైర్యం వచ్చింది. సున్నాకు సున్నా, ఒకటికి ఒకటి సరిపోయింది. ఇక తప్పు వెతికేవాడెవడు?

యువజనోత్సవం నాడు పొద్దున పదికి మైదానంలో షామియానా, అద్దెకు తెచ్చిన పెద్ద టీవీ, దాని కోసం జనరేటరు. తిమ్మలదొడ్డి ఆడవాళ్ళు కూడా ట్రాక్టరెక్కి వచ్చారు. ముఖ్య అతిథి నలభై నిమిషాలు మాట్లాడాడు. కళ మన ఊపిరి అన్నాడు, మట్టి వాసన అన్నాడు, పల్లె అమ్మ అన్నాడు. ఆ వేడికి ముందు వరుసలో ఒకాయన నిజంగానే ఊపిరాడక లేచి వెళ్ళిపోయాడు. ప్రసంగం అవగానే అతిథి ఇంకో ఊళ్ళో ఇంకో ఊపిరి ఉందని జీపెక్కాడు. తాను దేని గురించి మాట్లాడాడో దాన్ని చూడాల్సిన అవసరం ఆయనకు లేదు.

సోమశేఖర్ మైకు తీసుకుని, ప్రపంచంలో మొట్టమొదటిసారి అని మొదలుపెట్టాడు. ప్రపంచాన్ని ఎవరూ అడగలేదు కాబట్టి అది నిజమే అయ్యుండొచ్చు. తెర మీద మూడు వరుసలు పడ్డాయి. మూడో వరుసలో రామదాసు పేరు, సుంకన్న పేరు. చప్పట్లు. గజ్జెలు కట్టుకున్న బయ్యన్న, తెలిసిన అడుగులకు బాణాలు చూసేదేంటని, చాపకు మొక్కి ఎక్కాడు.

పాట మొదలైంది. బయ్యన్న కాలు కుడికి పడింది. మిస్. ఎడమకు పడింది. మిస్. ముందుకు, మిస్. వెనక్కి, మిస్. ముప్ఫై ఏళ్ళ సాధన అర నిమిషంలో ఫెయిలైంది. జనం మొదట అర్థం కాక, తర్వాత అర్థమై నవ్వారు. ఇంకో ఇద్దరు ఎక్కారు, ఇంకో ఇద్దరు ఫెయిలయ్యారు. ఎవరో కుర్రాళ్ళు సప్లిమెంటరీ రాసుకోమని కేకేశారు. చాప పాడైందేమోనని సోమశేఖర్ తీగ పీకి పెట్టాడు. తీగ బాగానే ఉందని హేమలతకు తెలుసు.

చివరికి సుంకన్నే ఎక్కాడు. తన పాట, తన గొంతు, తన అడుగు. ఇరవై నాలుగు మిస్సులకు యంత్రం ఆయన గొంతును ఆయన నోటి ముందే ఆపేసింది. ఈసారి కుర్రాళ్ళు కూడా నవ్వలేదు. నవ్వడానికి కూడా ఒక హద్దుంటుంది కదా. సుంకన్న చాప దిగి కూతురి ముందు నిలబడ్డాడు.

"ఇవి నా అడుగులు కావు," అన్నాడు, మైకు అవసరం లేని గొంతుతో. "ఎవురివో నాకు తెలీదు. నావైతే కావు."

రెండు నెలల సున్నాలు హేమలత కళ్ళ ముందు తిరిగాయి. ఎక్కడ తప్పింది? అమ్మ పాసైంది. అమ్మ పాసైతే నాయన ఎట్లా ఫెయిలవుతాడు?

ఆ ప్రశ్నే షామియానా వెనక నుంచి తిమ్మమ్మ నోట వచ్చింది. "మాకు సరిగ్గానే ఉండాయే," అంది. మగవాళ్ళంతా వెనక్కి తిరిగారు. ఆమె తడుముకోకుండా ముందుకొచ్చి, చెప్పులు విడిచి, కుచ్చిళ్ళు దోపి, చాప ఎక్కింది. ఒక పాట మొత్తం ఆడింది. యంత్రానికి పర్ఫెక్ట్ అని రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టుండాలి.

సుంకన్న మొదట కోపంగా చూశాడు, తర్వాత పెళ్ళాన్ని వదిలేసి ఆమె కాళ్ళనే చూశాడు. మనిషికి ఎన్ని మూర్ఖత్వాలున్నా అడుగు విషయంలో గురువు గురువే. పాట మళ్ళీ పెట్టమన్నాడు. వెళ్ళి టీవీకి వీపు పెట్టి, తిమ్మమ్మకు ఎదురుగా నేల మీద నిలబడి తన అడుగులు తాను వేశాడు. ఆయన కుడికి వేస్తే ఆమె ఎడమకు వేసింది. ఆయన ముందుకొస్తే ఆమె వెనక్కి పోయింది. ఆయన ఎడమ ఆమెకు కుడి. మధ్యలో ఒక్క అడుగు కూడా ఒకదాన్నొకటి ఢీకొనలేదు, ఇద్దరినీ ఒకే తాడు లాగినట్టు.

పాట అయ్యాక ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మిద్దె మింద నించి చూసి నేర్చినారు మీరు," అన్నాడు. "నాకు ఎదురుగా కూచోని."

"మరి యాడ కూచోనిచ్చినావు?" అంది తిమ్మమ్మ. "పెండ్లయినప్పటి నించి చూస్తాండా. చేతుల్లో కాయలుండాయి, కాళ్ళు ఖాళీనే గదా."

తిమ్మలదొడ్డిలో ఇన్నేళ్ళుగా రెండు చెక్కభజనలు నడిచాయన్నమాట. ఒకటి గుడి ముందు గజ్జెలతో, ఇంకోటి మిద్దె మీద కాయల పొట్టులో, ఒకదానికొకటి తిరగబడి. రెండోదాని సంగతి గురువుకు తెలియదు, రెండింటి సంగతీ తెలిసినవాడు ఆంజనేయుడొక్కడే. ఆయన ఎవరికీ చెప్పలేదు. హేమలత కట్టింది రెండోదాన్ని. అదే మొదటిదనుకుని కట్టింది.

సోమశేఖర్‌కు ఇదంతా అక్కర్లేదు. వార్త రాసుకోవడానికి వచ్చిన పేపరాయన ఇంకా అక్కడే ఉన్నాడు. "ఎంతసేపమ్మా సరిచేసేది?" అని సోమశేఖర్ అడిగాడు.

హేమలత ఆలోచించింది. ఆ ఆటలోనే 'మిర్రర్' అని ఒక మీట ఉంది. నొక్కితే బాణాలన్నీ తిరగబడతాయి, ఎడమ కుడి అవుతుంది, ముందు వెనక అవుతుంది. ఆమె నొక్కి చూపించింది. బయ్యన్న ఎక్కి ఒక పాట మొత్తం ఆడి దిగాడు. దిగి, నేను ముందే చెప్పినా అన్నాడు. ఆయన ముందు ఏమీ చెప్పలేదు.

"అదే, అట్లనే ఫైల్లో మార్చేయమ్మా శాశ్వతంగా," అన్నాడు సోమశేఖర్. "ఒక్క నిమిషం పని. పెద్దాయన అడుగులు పెద్దాయనకు వచ్చేస్తాయి."

నిజంగా ఒక్క నిమిషం పనే. ఆ నిమిషం అయ్యాక అడుగులు సుంకన్నవి, మూడో వరుస సుంకన్నది, మిద్దె మీద కూర్చున్నవాళ్ళు కాయలు ఒలిచినవాళ్ళు మాత్రమే. హేమలత కీబోర్డు మీద నుంచి చేతులు తీసేసింది.

"దిద్దను సార్," అంది. "ఈ అడుగులు తనవి కావని మా నాయనే ఇంతమంది ముందర చెప్పినాడు. ఆయనవి కాని అడుగులకు ఆయన పేరు పెట్టడం తప్పు గదా."

సోమశేఖర్ సుంకన్న వైపు చూశాడు, పెద్దమనిషి ఒక మాట చెబుతాడని. సుంకన్న చెక్కలు సంచిలో వేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే తీర్పు చెప్పాడు.

"తప్పుడు అడుగులకు నా పేరేంది? మా గురువు పేరేంది? రెండూ తీసేయండి. తప్పు దానిది, పేరూ దానిదే పెట్టండి."

ఇంతకంటే చక్కని ఆశీర్వాదం రాయలసీమలో దొరకదు. సోమశేఖర్ ఫోను తీశాడు. హేమలత మైదానంలోనే, అందరూ చూస్తుండగా, మూడో వరుసలో రెండు పేర్లూ చెరిపి తన పేరు కొట్టింది. మర్నాడు పేపర్లో 'కంప్యూటర్‌కెక్కిన కళ' అని వచ్చింది. అందులో సోమశేఖర్ పేరు మూడుసార్లు, సోమా ఇన్ఫోటెక్ పేరు రెండుసార్లు ఉన్నాయి. హేమలత పేరు లేదు. ఆమె దాని గురించి పట్టించుకోలేదు, ఎందుకంటే పేపరు మరుసటి రోజుకు బజ్జీల కిందకు వెళ్ళింది, ప్యాక్ మాత్రం సీడీల్లో కాపీ అయి హిందూపురం, తాడిపత్రి నెట్ సెంటర్లకు వెళ్ళింది.

సంత రోజుల్లో సోమా ఇన్ఫోటెక్ గుమ్మం ముందు ఆడవాళ్ళ చెప్పులు బారులు తీరేవి. గోడ మీద హేమలత చేత్తో రాసిన కాగితం ఒకటి అంటించి ఉండేది: మగవారు మిర్రర్ మీట నొక్కుకుని ఆడవలెను. చదివినవాళ్ళు గొణిగేవారు గాని నొక్కుకునేవారు. నొక్కనివాళ్ళు ఫెయిలయ్యేవారు.

నెల తర్వాత ఒక సంత రోజు సుంకన్న కూడా వచ్చాడు. విత్తనాల పని మీద వచ్చినా అన్నాడు, ఎవరూ అడగకుండానే. ఆడవాళ్ళ వెనక వరుసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చాక చాప ఎక్కబోయి ఆగి, తెర మీది మూడు వరుసల వైపు కళ్ళు చికిలించి చూశాడు. అక్షరాలు ఇంగ్లీషువి, ఆయనకు రావు.

"యాడుండాది నీ పేరు?"

హేమలత మూడో వరుస మీద వేలు పెట్టి చూపించింది. ఆయన కాసేపు దాన్నే చూశాడు.

"చిన్నగా ఉండాదే," అన్నాడు.

ఆ ఆటలో అక్షరాల సైజు మార్చే వీలు లేదు. హేమలత ఆ సంగతి చెప్పలేదు. చూస్తాలే నాయనా అని, ఆయన కోసం మిర్రర్ మీట నొక్కింది.